జీతం లేని నీరట్లు

చెరువు నిండితే ఊరంతా కట్ట మీదికి వెళ్లి చూసి వస్తుంది. అర్ధరాత్రి వానలో గొంగడి కప్పుకుని తూము దగ్గర కాపలా ఉన్న నీరటిని మాత్రం ఎవరూ తలచుకోరు. అయినా పాతరోజుల్లో ఊళ్లకు ఒక మర్యాద ఉండేది. కళ్లంలో రాశి కొలిచేటప్పుడు నీరటికి రావలసిన మేర కొలిచి ఇచ్చేవారు.

ఇప్పుడు ప్రతి ఇంటా ఉన్న సెల్‌ఫోన్ వెనక కూడా అలాంటి నీరట్లు ఉన్నారు. వారు ఏ దేశంలో ఉంటారో మనకు తెలియదు. వారిలో చాలామందికి జీతం లేదు, మేర అసలే లేదు.

జేబులో ఉన్నది ఎవరి కష్టం?

మార్కెట్ యార్డులో మిర్చి ధర చూడాలన్నా, దుబాయిలో ఉన్న కొడుకుతో మాట్లాడాలన్నా ఆండ్రాయిడ్ ఫోనే ఆధారం. ఆ ఫోన్‌కు పునాది లినక్స్ అనే సాఫ్ట్‌వేర్. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రవాడు సరదాకి మొదలుపెట్టిన పని అది. తాను రాసినదంతా దాచుకోకుండా లోకం ముందు పెట్టాడు. వేలమంది చేతులు కలిపారు.

దీనిని ఓపెన్ సోర్స్ అంటారు. పచ్చళ్ల వ్యాపారి సీసా అమ్ముతాడు గాని పాళ్లు చెప్పడు. వీరు సీసాతోపాటు పాళ్లు కూడా రాసి ఇస్తారు. ఎవరైనా చేసుకోవచ్చు, తమ రుచికి మార్చుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు.

లినక్స్ పెద్దదయ్యాక కంపెనీలు జీతాలిచ్చి దానిపై మనుషులను పెట్టాయి. కాని చుట్టూ ఉన్న చిన్న చిన్న పనిముట్లు వందలకొద్దీ ఇప్పటికీ ఒకరిద్దరు స్వచ్ఛంద సేవకుల రెక్కల మీదే నడుస్తున్నాయి.

కట్టకు కన్నం

ఒంటరి కాపలాదారుణ్ణి మరిస్తే ఏమవుతుందో 2024లో లోకానికి తెలిసివచ్చింది. వరిగడ్డిని మోపుగా బిగించినట్టు పెద్ద ఫైళ్లను చిన్నవిగా కుదించే ఎక్స్‌జెడ్ అనే పనిముట్టు ఉంది. లాసె కొలిన్ అనే ఫిన్లాండ్ వాసి ఏళ్ల తరబడి పైసా జీతం లేకుండా దానిని చూసుకుంటూ వచ్చారు.

2022లో కొందరు ఆయనపై ఉత్తరాల దండయాత్ర చేశారు. పని ఆలస్యమవుతోందని, చేతకాకపోతే మరొకరికి అప్పగించమని దెప్పిపొడిచారు. చాలాకాలంగా తన మనసు బాగుండడం లేదని, ఇది జీతం లేని పని అని ఆయన మొర పెట్టుకున్నారు. సరిగ్గా ఆ సమయంలోనే జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయం చేస్తామంటూ చేరువయ్యారు, నమ్మకం సంపాదించారు, పెత్తనంలో భాగం పొందారు. 2024 ఫిబ్రవరిలో ఆ పేరు మీదే పనిముట్టులో ఒక దొంగదారి చేరింది. దెప్పిపొడిచిన వారు కూడా అదే ముఠాకు చెందినవారని ఆ తర్వాత అనుమానాలు కలిగాయి.

ఆ దొంగదారి లోకమంతా పాకి ఉంటే ఎన్నో దేశాల కంప్యూటర్ల తాళాలు పరాయి చేతుల్లో పడేవి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన పని తాను చేసుకుంటూ, కంప్యూటర్‌లోకి ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పట్టడం గమనించారు. ఎందుకిలా అని తవ్వుకుంటూ పోయి దొంగదారిని పట్టుకున్నారు. మార్చి 29న లోకానికి చాటారు. కట్టకు పడిన కన్నాన్ని పారే నీటి చప్పుడు బట్టి కనిపెట్టినట్టయింది.

తెలుగుకూ ఉన్నారు

మన భాషకు కూడా ఇటువంటి రుణం ఉంది. కంప్యూటర్‌లో తెలుగు అక్షరం సరిగా కనబడని రోజుల్లో తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. ఇంగ్లిషు మీటలతో తెలుగు రాయడానికి లేఖిని వచ్చింది. పాత తెలుగు ఫాంట్లలోని రాతను అందరికీ కనబడే యూనికోడ్‌లోకి మార్చడానికి వెన్న నాగార్జున పద్మ అనే పనిముట్టు చేశారు. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో శ్రీకారం చుట్టింది కూడా ఆయనే. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థలో స్వచ్ఛంద కార్యకర్తలు తెలుగు సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తున్నారు.

ఒక్క మాట చాలు

ఏటా ఫిబ్రవరి 14న ఇటువంటివారికి కృతజ్ఞత చెప్పే ఆనవాయితీని యూరప్‌లోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘం నెలకొల్పింది. అందుకు డబ్బే ఇవ్వనక్కరలేదు. పనిముట్టు చేసినవారి చిరునామాకు రెండు వాక్యాల ఉత్తరం రాస్తే చాలు. తప్పు కనబడితే తిట్టకుండా, ఎక్కడ ఎలా ఆగిపోయిందో వివరంగా చెప్పినా అది సాయమే. కాలేజీలో కంప్యూటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ పని తేలిక.

కొలిన్‌కు 2022లో అందిన ఉత్తరాలలో సగమైనా మంచి మాటలై ఉంటే, దొంగ చేయి అందుకోవలసిన అవసరం ఆయనకు కలిగేది కాదేమో. మేర కొలవకపోయినా సరే, కట్ట మీదుగా వెళ్లేటప్పుడు నీరటిని ఒకసారి పలకరించి వెళ్లడం ఊరికే మంచిది.