ఊపిరితిత్తుల రక్తపోటు – మందు – గుండె

మా విద్యార్థి యొకడు తన తల్లికి వ్రాసిన మందుచీటీ చూపి, ‘ఇది ఊపిరికా, గుండెకా?’ అని అడిగినాడు. మేము తెలుగు పాఠములు చెప్పువారము; వైద్యమిత్రుని ఆశ్రయింపక తప్పలేదు. రెంటికిని సంబంధము కలదని తేలినది.

చేతికి పట్టీ చుట్టి కొలుచు రక్తపోటు వేరు; గుండె కుడిభాగమునుండి ఊపిరితిత్తులకు పోవు ధమనిలోని పోటు వేరు. ఈ రెండవది సగటున 20 మిల్లీమీటర్ల పాదరసమును దాటినచో వ్యాధిగా ఎంచుదురు. ఆ పోటునకు ఎదురు నెట్టి నెట్టి గుండె కుడిగది అలసిపోవును.

చీటీలోని సిల్డెనాఫిల్ నాళములను సడలించును. మొదట గుండెనొప్పికై పరీక్షించిన ఈ మందు 2005లో అమెరికాలో ఈ వ్యాధికి ఆమోదము పొందినది. అయితే దాని పని ఊపిరితిత్తులతోనే ఆగదు. శరీరమంతట నాళములు కొంత సడలి, రక్తపోటు తగ్గి, దానిని నిలుపుటకు గుండె వడిగా కొట్టుకొనవచ్చును. కొందరిలో దడ, తలతిరుగుట ఇందువలననే.

అసలు భయము వేరొకటి. గుండెనొప్పికి నాలుక క్రింద పెట్టుకొను సార్బిట్రేట్ బిళ్ళ మన ఇండ్లలో పరిచితమే. అది నైట్రేటు జాతిది. నాళములను సడలించు పదార్థమును అది కణములలో పెంచును; సిల్డెనాఫిల్ ఆ పదార్థమును నశింపనీయదు. ఒకటి కుళాయి విప్పగా మరొకటి తూము మూసినట్లు! రెండును కలిసినచో రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి, గుండెకే రక్తము చాలక ప్రాణాపాయము కలుగవచ్చును. ఎదలో నొప్పి యన్నంతనే పొరుగువారు దయతో అందించు బిళ్ళయు ఇదియే. కనుక ఈ సంగతి రోగికే కాక ఇంటివారందరికిని తెలిసియుండవలెను.

దడకు బెదరి మందును తమంతట తాము మానుటయు ప్రమాదమే. పోటు మరల పెరిగి కుడిగదిపై పడును.

మా విద్యార్థి తండ్రి సార్బిట్రేట్ వాడువాడట. ఆ బిళ్ళలను వేరు అరలోనికి మార్చి, రెండు మందుల పేర్లును గోడ క్యాలెండరుపై వ్రాసి ఉంచితినని అతడు మరునాడు చెప్పినాడు.