పూతమీది బేరము: సముద్రపు గాలిమర కథ

మా రెడ్డిగూడెము ప్రాంతమున మామిడితోటల బేరము పూతమీదనే కుదురుట వాడుక. మాఘమాసపు మంచులో కొమ్మకొమ్మకును పూత విరిసి యుండగా వ్యాపారి తోటలో ఒక్క చుట్టు తిరిగి, చెట్ల వయస్సు చూచి, కాపు లెక్క మనస్సులోనే కట్టి, గుత్తధర చెప్పును. ఆ పూతలో ఎంత పిందెగా నిలుచునో, ఎంత పిందె కాయగా ఎదుగునో, వైశాఖములో లేచు గాలివానకు ఒక్క సాయంకాలమున ఎంత కాయ నేల రాలునో ఆనాటికి ఎవ్వరికిని తెలియదు. బంగినపల్లియైనను, కలెక్టరుకాయయైనను, గాలికి రాలినదానికి ధర లేదు. సముద్రముమీద గాలిమరలు నిలిపి విద్యుత్తు తీయవలెనన్న ప్రస్తావన వినినప్పుడెల్ల నాకు ఈ తోట బేరమే జ్ఞప్తికి వచ్చును. ఇదియు పూతమీది బేరమే. అయితే ఇందు పంటయు గాలియే, పంటను కూల్చునదియు గాలియే.

గాలిచేత పని చేయించుకొనుట మనకు క్రొత్త విద్య కాదు. కళ్లములో తూర్పారబట్టు రైతు గాలి యెటునుండి వచ్చునో చూచియే చేట యెత్తును. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములమీద రెండు కొయ్యల యోడ ముద్రింపబడి యున్నది; ఆనాటి మన నావికులు గాలిని నమ్ముకొనియే కడలి దాటిరి. అయినను గాలిని విద్యుత్తుగా మార్చు మర మన దేశమున పుట్టలేదు. 1887లో స్కాట్లండునందలి మేరీకర్కు గ్రామమున జేమ్సు బ్లైత్ అను ఆచార్యుడు తన కుటీరపు పెరటిలో గుడ్డ తెరచాపలు గట్టిన మరనొకదానిని నిలిపి, దాని శక్తితో బ్యాటరీలను నింపి, ఇంట దీపములు వెలిగించెను. మిగిలిన విద్యుత్తుతో ఊరి వీధికి వెలుగు నిత్తునని ఆయన ముందుకు రాగా, అది పిశాచపు పని యని గ్రామస్థులు వలదనిరట.

డెన్మార్కు దేశమున ఆస్కోవు గ్రామ విద్యాలయపు ఉపాధ్యాయుడు పౌల్ లా కూర్ 1891లో ఈ విద్యను ఒక మెట్టు పైకెక్కించెను. గాలి వీచు వేళ పుట్టిన విద్యుత్తును గాలి లేని వేళకు దాచుట యెట్లన్న ప్రశ్న ఆయనను వేధించెను. ఆ విద్యుత్తుతో నీటిని విడదీసి, ఉదజనిని నిలువచేసి, దానితో పాఠశాలకు దీపములు పెట్టెను. నేడు పెద్ద దేశములు ఉదజని ఇంధనమని ఘోషించుచున్న మాట ఆ పల్లెటూరి బడిలో నూటముప్పది యేండ్లకు ముందే వినబడినది. ఆయన శిష్యుడైన యోహానెస్ యూల్ 1957లో గెడ్సరు తీరమున 200 కిలోవాట్ల మరను నిలిపెను. గాలికి ఎదురు నిలుచు మూడు రెక్కలు, వేగము మితిమీరినప్పుడు అడ్డము తిరిగి మరను అదుపు చేయు రెక్కల కొనలు గల ఆ యంత్రము 1967 వరకు పెద్ద మరమ్మతు లేకయే తిరిగినది. నేటి గాలిమరలు రూపమున దాని సంతతియే. గురువు బడిలో చెప్పిన పాఠము శిష్యుని చేతిలో యంత్రమై నిలుచుట ఈ కథ యంతటిలో నాకు మిక్కిలి ప్రీతికరమైన ఘట్టము.

గాలిమర లాభనష్టములు ఒక్క సూత్రమునకు లోబడి యున్నవి. గాలిలోని శక్తి దాని వేగపు ఘనము ననుసరించి పెరుగును. ఏడు యొక్క ఘనము 343, ఎనిమిది యొక్క ఘనము 512. సెకనుకు 7 మీటర్ల వేగముతో వీచు గాలిని 8 మీటర్లదని పొరబడినవాడు, ఉన్న శక్తిమీద లేని శక్తిని దాదాపు సగము కలిపి లెక్కగట్టినవాడగును. తోటలో వంద టన్నుల కాయకు నూటయేబది టన్నులకు గుత్త చెల్లించిన వ్యాపారి గతి యేమగునో మా ఊర చెప్పనక్కరలేదు. ఉన్న శక్తి యంతయు మరకు చిక్కునదియు కాదు. రెక్కలను దాటిన గాలి సాగిపోవుటకు కొంత చలనము మిగులవలెను. లేనిచో వెనుక వచ్చు గాలికి దారి యుండదు. అందుచేత ఎంత నేర్పుగ చేసిన మరయైనను నూటికి 59 పాళ్లకు మించి పట్టజాలదని జర్మను పండితుడు ఆల్బర్టు బెట్జ్ నిరూపించెను.

సముద్రముమీద గాలికి చెట్టు, గుట్ట, మేడ అడ్డము రావు గనుక అది అచ్చట వేగముగను, నిలకడగను వీచును. ఆ యాశతోనే డెన్మార్కువారు 1991లో విండెబీ తీరమున, ఒడ్డుకు కొద్ది కిలోమీటర్ల లోపలనే, ఒక్కొక్కటి 450 కిలోవాట్ల మరలను పదునొకండింటిని సముద్రములో నాటిరి. లోకమున తొలి సముద్రపు గాలిమరల క్షేత్రమదియే. ఆ మరలు ఇరువదియైదేండ్లు తిరిగి, 24 కోట్ల యూనిట్లకు పైగా విద్యుత్తు నిచ్చి, 2017లో తొలగింపబడెను. వాని రెక్కలచక్రపు వ్యాసము 35 మీటర్లు. నేటి పెద్ద మరలది 220 మీటర్లకు పైమాటే. నడుమ నేర్చిన పాఠములు చౌకగా రాలేదు. 2002లో హార్న్స్ రెవ్ వద్ద నాటిన 80 మరలలో ట్రాన్స్‌ఫార్మరులు, జనరేటరులు ఉప్పు గాలికి తాళలేక చెడగా, రెండేండ్లలో వాని శిరోభాగములన్నింటిని విప్పి ఒడ్డుకు చేర్చి బాగుచేయవలసి వచ్చినది. లోతు నీటిలో తేలుచు నిలుచు మరల తొలి క్షేత్రము 2017లో స్కాట్లండు తీరమున వెలసినది.

మన దేశము 2015లో సముద్రపు గాలి విధానమును ప్రకటించినది. గుజరాతు, తమిళనాడు తీరములలో కలిపి 70 వేల మెగావాట్లకు అవకాశము కలదని అంచనా. 2024 జూనులో కేంద్ర మంత్రివర్గము ఆ రెండు తీరములలో ఐదేసి వందల మెగావాట్ల క్షేత్రములకును, వానికి వలయు రేవుల మెరుగునకును కలిపి 7,453 కోట్ల రూపాయల సహాయనిధిని ఆమోదించెను. ఆ వెయ్యి మెగావాట్లనుండి యేటా 372 కోట్ల యూనిట్లు రాగలవని ప్రభుత్వము లెక్కించినది. అనగా సంవత్సరమంతయు నిండు బలముతో తిరిగినచో వచ్చుదానిలో నూటికి 42 పాళ్లు. ఇంత సహాయము లేనిదే మొదలుపెట్టలేని పని యని ఆ నిధినిబట్టియే గ్రహింపవలెను.

ఆంధ్రతీరమునకు ఈ తొలి పంక్తిలో చోటు లేదు. మన గాలిమరలు ఉమ్మడి అనంతపురము జిల్లా గుట్టలమీద, రామగిరి మొదలగు చోట్ల తిరుగుచున్నవి. కాని మా మండలమునకు దగ్గరలోనే, ఇబ్రహీంపట్నమున, 1979నుండి బొగ్గు కాల్చి విద్యుత్తు తీయుచున్న కేంద్రము కలదు. దాని పొగగొట్టములను, బూడిదను చూచుచు, ఆ విద్యుత్తుతోనే బోరుమోటార్లు త్రిప్పుకొనుచు బ్రదుకువారమగుటచేత, పొగలేని శక్తి మన సముద్రమున దొరకునేమోనన్న కోరిక నాకును గాఢముగనే యున్నది. కోరిక గాఢమైనచోటనే లెక్క కఠినముగ నుండవలెను.

ఆ లెక్కలో మొదటిది తుపాను. మచిలీపట్నము 1864లో తుపానుచే ధ్వంసమైనది. దివిసీమ 1977 నవంబరు 19న ఉప్పెనకు మునిగినది. 1990 మే నెలలో మరల కృష్ణాతీరము, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిడికి విశాఖ నలిగిపోయినవి. సాధారణముగ సెకనుకు 25 మీటర్లు దాటిన గాలిలో మర తన రెక్కలను అంచువారగ త్రిప్పుకొని, పని మాని నిలుచును. కాని తుపానులోని విపత్తు వేగము మాత్రమే కాదు, దిక్కు మారుట. తుపాను కన్ను దాటగనే గాలి ఎదురు దిక్కునకు మళ్లును. మర తన శిరస్సును గాలికి ఎదురుగ త్రిప్పుకొనవలెనన్న మోటారుకు విద్యుత్తు కావలెను. అదే ఘడియలో ఒడ్డున స్తంభములు కూలి సరఫరా తెగిపోయి యుండును. 2003లో జపానునందలి మియాకో ద్వీపమున పెనుగాలికి మరలు కూలినప్పుడు ఈ సంగతి ప్రత్యక్షమైనది. అందుచేత పెనుగాలి ప్రాంతముల మరలకు సెకనుకు 57 మీటర్ల గాలిని తాళు ప్రత్యేక తరగతి యేర్పడినది. మన తీరమున నిలుచు మర ఆ తరగతిదై, తన బ్యాటరీతోనే తల త్రిప్పుకొనగలదై యుండవలెను. ఖర్చు పెరుగును, అది తప్పించుకొనరాని ఖర్చు.

అడుగు నేలయు చిక్కుపెట్టును. కృష్ణా గోదావరులు యుగములుగ తెచ్చి పోసిన మెత్తని ఒండ్రుమట్టిలో ఉక్కు స్తంభము గట్టి నేల దొరకువరకు లోతునకు దిగవలెను. తీరమునుండి కొంత దూరము పోగనే లోతు గబగబ పెరుగును. రవ్వ చమురు క్షేత్రమున ఉక్కు వేదికలు నిలిపిన మన ఇంజనీర్లకు ఈ మట్టి పరిచితమే గనుక, ఇది అసాధ్యమని నేననను.

గిలకలదిండి, నిజాంపట్నముల మత్స్యకారుల సంగతి వేరు. ఏప్రిలు 15నుండి జూను 14వరకు వేట నిషేధముతో రెండు నెలలు ఒడ్డున కూర్చుండువారికి, మిగిలిన పది నెలలలో కొంత నీటిని మరలకును, కేబుళ్లకును విడువవలెనన్నచో అది జీవనాధారములో కోత. వల ఎచ్చట వేయుదురు, పడవ ఏ దారిని పోవును అన్నది వారు చెప్పగ వ్రాసికొనిన పటము, గాలి పటమువలెనే అంచనాలో భాగము కావలెను. పని మొదలైన పిదప పిలిచి పరిహారమిచ్చుట న్యాయము కాదు. ఈ తీరపు ఇసుకలో గ్రుడ్లు పెట్టు ఆలివ్ రిడ్లే తాబేళ్ల కాలమును స్తంభములు దిగవేయు కాలముతో సరిచూచుకొనవలెను.

వీనికన్న ముందు తెలియవలసినది గాలి కొలత. 2017లో గుజరాతులోని పిపావావ్ రేవుకు 23 కిలోమీటర్ల దూరమున, ఖంబాతు సింధుశాఖలో చిన్న వేదిక నొకదానిని కట్టి, దానిపై లైడార్ అను యంత్రమును నిలిపిరి. అది లేజరు కిరణములను పైకి పంపి, గాలిలోని ధూళికణములనుండి తిరిగివచ్చు వెలుగునుబట్టి వివిధ ఎత్తులలో గాలివేగమును కొలుచును. మచిలీపట్నపు ఎదుట సముద్రములో నేను కోరునదియు ముందుగా అంతటి చిన్న వేదికయే: మూడు నైరుతి ఋతువులు, మూడు కార్తికపు తుపాను కాలములు అది గాలిని కొలువవలెను, గుత్తధర ఆ తరువాత చెప్పవలెను.