పత్తి కాంటా కంటే ముందు ఫోనులో వరుస

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నల్లరేగడి చేలల్లో పత్తి పెట్టే రైతుకు అమ్మకమంటే ఇన్నాళ్లూ బండి కట్టుకుని పోవడం, వరుసలో కాచుకోవడం, కాంటా వేయించడం. ఆ వరుస ఇప్పుడు ఫోనులోకి చేరింది.

1970లో ఏర్పడిన భారత పత్తి సంస్థ (సీసీఐ) 2025-26 సీజన్‌లో ‘కపాస్ కిసాన్’ యాప్ తెచ్చింది. మద్దతు ధరకు అమ్మాలంటే రైతు ముందు అందులో పేరు నమోదు చేయించుకోవాలి. ఆధార్, భూమి వివరాలు, పత్తి సాగు చేసినట్టు రికార్డు కావాలి. కేంద్రానికి ఏ రోజు తెచ్చేదీ స్లాటు తీసుకోవాలి. డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది.

సంస్థకు ఏ రోజు ఎంత సరుకు వచ్చేదీ ముందే తెలుస్తుంది. రైతు పేరుతో దళారీ తెచ్చే పత్తికి కొంత అడ్డు. ఇలాంటి ఆలోచన కొత్తదేం కాదు. ఐటీసీ కంపెనీ 2000లోనే మధ్యప్రదేశ్ పల్లెల్లో ‘ఈ-చౌపాల్’ పేరుతో కంప్యూటర్లు పెట్టించి, సోయా ధర ఊళ్లోనే చెప్పి నేరుగా కొన్నది.

మరి రైతుకేం లాభం? బండి బాడుగ కట్టుకుంటూ పడిగాపులు కాసే బాధ తగ్గాలి, స్లాటు దొరికితేనే సుమా! అసలు చిక్కు కౌలు రైతుకు. దుక్కి దున్నిందీ పత్తి తీయించిందీ అతను, రికార్డులో పేరు మాత్రం భూయజమానిది. పైరు చేలో ఉండగానే రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదులో తన పేరు ఎక్కించుకోవాలి. అందుకు సాగుదారు హక్కు పత్రం ఉంటే మేలు. దానిమీద సంతకమంటే యజమాని జంకుతాడు. ఈ ముడి ఏ యాప్ విప్పేది కాదు.

పులివెందుల చీనీ, అరటి రైతుకు సీసీఐతో పనిలేదు. కానీ తోటకొచ్చే వ్యాపారి చేతిలోనూ ఫోను ఉంది. కోతకు ఒప్పుకునే ముందు అనంతపురం యార్డులో చీనీ ధర ఎంతుందో మనమూ అడిగి తెలుసుకోవాలి.

పత్తికి తేమ లెక్క మాత్రం పాతదే. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది 8 శాతం తేమకు. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత. 12 దాటితే కొనరు. 10 శాతముంటే చేతికొచ్చేది 7,947.80 రూపాయలు. పది క్వింటాళ్లకు 1,622 రూపాయలు తరుగు. స్లాటు రోజు దగ్గరపడిందని మంచుకు తడిసిన పత్తిని ఆరబెట్టకుండా మూట కట్టొద్దు. నమోదుకు ఎవరి నంబరో కాకుండా ఇంట్లో ఉండే ఫోను నంబరే ఇవ్వండి, ఓటీపీ దానికే వస్తుంది.