చీజ్ నూనెలోకి కారిపోకుండా.. ఇటలీ స్టైల్ చీజ్ బైట్స్ ఇంట్లోనే

పైన కరకరలాడే పొర, కొరికితే లోపల తీగలా సాగే చీజ్. హోటల్‌కు వెళ్తే పిల్లలు ముందు అడిగేది ఇదే. ఇంట్లో చేద్దామని మొదలుపెడితే మాత్రం చాలామందికి ఒకటే అనుభవం. కడాయిలో వేసిన కాసేపటికే చీజ్ కరిగి నూనెలోకి కారిపోతుంది, జల్లి గరిటెలోకి ఖాళీ డొల్లలు వస్తాయి. నేను మొదటిసారి పావు కిలో చీజ్ అలాగే నూనెపాలు చేశాను. కారణం తెలిస్తే ఇది చాలా సులువైన వంట.

ఇటలీలో దీని అసలు రూపం వేరు. నేపుల్స్ వైపు 'మొజరెల్లా ఇన్ కరోజా' అని చేస్తారు. కరోజా అంటే గుర్రపు బగ్గీ. రెండు బ్రెడ్ ముక్కల మధ్య మొజరెల్లా పెట్టి, పిండిలో అద్ది, గిలకొట్టిన గుడ్డులో ముంచి వేయిస్తారు. చీజ్ బగ్గీలో కూర్చున్నట్టు ఉంటుందని ఆ పేరు. మన ఇళ్లలో డబల్ కా మీఠా కోసం బ్రెడ్ వేయించే చేతికి ఇదేం కొత్త కాదు. రెస్టారెంట్లలో ఇప్పుడు మనకిచ్చే బ్రెడ్ పొడి పూత ముక్కలు మాత్రం అమెరికాలో బాగా పేరు తెచ్చుకున్న పద్ధతి. ఈరోజు చేసేది ఆ రెండో రకమే.

ఏ చీజ్ కొనాలి?

పిజ్జా కోసం అమ్మే గట్టి మొజరెల్లా బ్లాక్ తీసుకోండి. ఉప్పునీళ్లలో తెల్లటి ఉండల్లా దొరికే తాజా మొజరెల్లా తినడానికి బాగుంటుంది కానీ అందులో నీరు ఎక్కువ, నూనెలో చిటపటలాడి పేలుతుంది. తురుము ప్యాకెట్ కూడా వద్దు, ముక్క నిలబడదు. పనీర్‌తో చేయొచ్చా అని అడుగుతారు. చేయొచ్చు, కానీ తీగ రాదు. వేడి పాలల్లో నిమ్మరసం పోసి విరగ్గొట్టిన పనీర్ వేడికి మెత్తబడుతుందే తప్ప కరగదు. అది మంచి పనీర్ పకోడా అవుతుంది, చీజ్ బైట్ కాదు.

ఇక మనం తప్పక చూడాల్సింది ప్యాకెట్ వెనక వైపు. పాలను గడ్డ కట్టించడానికి రెన్నెట్ అనే ఎంజైమ్ వాడతారు. పాత పద్ధతిలో దాన్ని దూడ కడుపు లోపలి పొర నుంచి తీస్తారు. ఇప్పుడు చాలా కంపెనీలు సూక్ష్మజీవుల నుంచి తయారైన మైక్రోబియల్ రెన్నెట్ వాడుతున్నాయి. మన దేశంలో ఆకుపచ్చ గుర్తు ఉన్న చీజ్‌లో జంతువుల రెన్నెట్ ఉండకూడదు కాబట్టి మామూలు మొజరెల్లాతో చిక్కు లేదు. జాగ్రత్త పడాల్సింది దిగుమతి రకాలతోనే. ఇటలీలో తయారయ్యే పర్మిజానో రెజ్జానోలో నిబంధన ప్రకారం దూడ రెన్నెట్టే వాడాలి. పెకొరినో రొమానోకు గొర్రెపిల్ల రెన్నెట్ వాడతారు. 'ఇటాలియన్ రుచి' కోసం పైన తురమమని వీడియోల్లో చెప్పేది ఎక్కువగా ఇవే. అమెరికాలో ఉన్న మనవాళ్లకు లేబుల్ మీద ఒట్టి 'ఎంజైమ్స్' అని కనిపిస్తే అది ఏ రకమో అందులో తెలియదు. హలాల్ ముద్ర గానీ, శాకాహార ముద్ర గానీ ఉన్నది తీసుకుంటే ప్రశ్నే ఉండదు. జంతు రెన్నెట్ విషయంలో ఫిఖ్‌హ్ పండితుల అభిప్రాయాలు ఒకటి కావు, మీకు తెలిసిన ఆలిమ్ సాబ్‌ను అడగడం మేలు.

కావలసినవి

మొజరెల్లా బ్లాక్ 200 గ్రాములు, మైదా అర కప్పు, కార్న్‌ఫ్లోర్ 1 టేబుల్ స్పూన్, గుడ్లు 2, బ్రెడ్ పొడి కప్పున్నర, ఎండు ఒరెగానో 1 టీ స్పూన్, మిరియాల పొడి అర టీ స్పూన్, వేయించడానికి నూనె. ఉప్పు చిటికెడు చాలు, చీజ్‌లోనే ఉంటుంది. బ్రెడ్ పొడి కొననక్కర్లేదు. నిన్నటి బ్రెడ్‌ను పెనం మీద తేమ పోయేదాకా కాల్చి మిక్సీలో వేస్తే సరి. తీపి రస్కులు మాత్రం వాడకండి, తొందరగా మాడతాయి.

చేసే విధానం

చీజ్‌ను రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. ఇరవైకి పైగా వస్తాయి. టిష్యూతో తడి అద్దేయండి. మైదా, కార్న్‌ఫ్లోర్, మిరియాల పొడి ఒక పళ్లెంలో, ఉప్పు వేసి గిలకొట్టిన గుడ్లు ఇంకో గిన్నెలో, ఒరెగానో కలిపిన బ్రెడ్ పొడి మూడో దాంట్లో పెట్టుకోండి. ముక్కను ముందు పిండిలో, తర్వాత గుడ్డులో, ఆపైన బ్రెడ్ పొడిలో దొర్లించండి. మళ్లీ ఒకసారి గుడ్డులో ముంచి, బ్రెడ్ పొడి అద్దండి. ఈ రెండో పూత దగ్గరే చాలామంది బద్ధకిస్తారు. మూలల్లో ఎక్కడ చిన్న సందు ఉన్నా చీజ్ అక్కడి నుంచే బయటపడుతుంది.

గుడ్డు పడనివారు మైదా, కార్న్‌ఫ్లోర్‌ను నీళ్లతో బజ్జీ పిండి కంటే కాస్త పలచగా కలిపి వాడొచ్చు.

ఇప్పుడు అసలు కిటుకు. ముక్కల్ని పళ్లెంలో దూరం దూరంగా పెట్టి కనీసం గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచండి. మొజరెల్లా 60 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి కరగడం మొదలుపెడుతుంది, నూనె వేడి 180 ఉంటుంది. అంటే ఇది పందెం: పై పొర గట్టిపడి ఎర్రబడేలోపు లోపల పూర్తిగా కరగకూడదు. గడ్డకట్టిన చీజ్‌కు కరగడానికి ఆ కాస్త టైం ఎక్కువ పడుతుంది, మనకు కావలసింది అదే.

నూనె వేడెక్కిందో లేదో చూడటానికి చిటికెడు బ్రెడ్ పొడి వేయండి. వెంటనే నురగతో పైకి తేలాలి. అడుగున ఉండిపోతే ఆగండి. పొగ వస్తుంటే మంట తగ్గించండి. ఒకసారికి నాలుగైదు ముక్కలే వేయాలి. ఫ్రీజర్ చల్లదనానికి నూనె వేడి దిగిపోతుంది, ఎక్కువ వేస్తే పూత నానిపోతుంది. నిమిషం, నిమిషంన్నర లోపు బంగారు రంగు వస్తుంది, తీసేయండి. ఎక్కడైనా తెల్లటి బుడగ కనిపిస్తే రంగు కోసం చూడొద్దు, వెంటనే తీయాలి.

పిల్లలకు రెండు మూడు నిమిషాలు ఆగి ఇవ్వండి. పైన చల్లారినట్టు అనిపించినా లోపలి చీజ్ నాలుకకు అంటుకుని కాలుస్తుంది.

పక్కన టమాటా చట్నీ కెచప్ కంటే బాగుంటుంది. నాలుగు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి నూనెలో వేయించి, నాలుగు పండిన టమాటాలు, ఉప్పు, కొంచెం ఒరెగానో వేసి చిక్కబడేదాకా ఉడికించండి. మనవాళ్లకు కారం లేకపోతే గొంతు దిగదు కదా, రెండు ఎండుమిర్చి తుంచి వేసుకోండి.

రంజాన్‌లో అయితే ముక్కలు ముందే పూత వేసి, గట్టిపడ్డాక కవర్‌లో కట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. ఇఫ్తార్‌కు పది నిమిషాల ముందు నేరుగా నూనెలో వేయాలి, బయట పెట్టి కరగనివ్వొద్దు. పూత వేశాక మిగిలిన గుడ్డు, బ్రెడ్ పొడిని పారేయకుండా ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి అప్పటికప్పుడే ఆమ్లెట్ వేసేయండి.