సూది వేయక మునుపే వెల తెలిసికొనుడు

సూరత్ నగరమందలి లింబాయత్, ఉధ్నా ప్రాంతములలో మరమగ్గములను నమ్ముకొని జీవించు తెలుగు కుటుంబములు వేలకొలది కలవు. నగరపాలక సంస్థ వారి పిల్లలకై తెలుగు మాధ్యమ పాఠశాలలను నడుపుచున్నది. బట్టల వ్యాపారమునకు పేరొందిన ఆ నగరమున ఒక చీర కొనవలెనన్నను నాలుగు అంగళ్లలో వెల విచారింతుము. కాని వైద్యుని యెదుట వెల అడుగుటకు మొగమాటపడుదుము. ఈ మొగమాటము ఒక్కొక్కప్పుడు నెలల తరబడి కూడబెట్టిన సొమ్మును హరించును.

ఒక ఉదాహరణము చూతము. పెండ్లి కుదిరిన యువతి యొకతె బుగ్గల పల్లము పూడ్చుకొనుటకై ఫిల్లర్ చికిత్సకు పోయినదనుకొందము. ముందు చెప్పిన వెల ఒక సిరంజికి మాత్రమే. నడుమ "ఇంకొకటి కావలెను" అని రెండవది ఎక్కించిరి. తుదకు రెండు సిరంజీలు, మత్తు లేపనము, పన్ను, మరల చూచుటకు రుసుము అన్నియు చేరి బిల్లు రెండింతలు దాటెను. ఆమె ప్రశ్నింపవచ్చునా? నిస్సందేహముగా ప్రశ్నింపవచ్చును.

ఫిల్లరనగా చర్మము క్రింద ఎక్కించు పూరక పదార్థము. ఎక్కువగా వాడునది హయలురోనిక్ ఆమ్లముతో చేసిన జిగురు. సాధారణముగా సిరంజి ఒక్కింటికి 1 మిల్లీలీటరు ఉండును. అది శాశ్వతము కాదు. సుమారు 6 మొదలు 18 నెలలలో కరగిపోవును. కావున ఈ ఖర్చు ఒకమారుతో తీరదు. రోగనివారణకై చేయు వైద్యమునకు జి.ఎస్.టి. మినహాయింపు కలదు, కేవలము అందమునకై చేయుదానికి లేదు.

2002 నాటి వైద్య వృత్తి నియమావళి ననుసరించి వైద్యుడు తన రుసుమును చికిత్సకు ముందే తెలుపవలెను. రుసుముల పట్టికను అందరికి కనబడునట్లు ఉంచవలెను. ప్రాణాపాయ సమయములందు తప్ప, ఒక చికిత్సకు ఇచ్చిన సమ్మతి మరియొక దానికి చెల్లదని సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పినది.

కావున చికిత్సకు ముందు ఈ క్రింది విషయములను వ్రాతపూర్వకముగా పొందవలెను:

1. ఎన్ని సిరంజీలు? ఒక్కొక్కదాని వెల ఎంత?
2. పన్ను, మత్తుమందు, తిరిగి చూచు రుసుము ఇందులో చేరియున్నవా?
3. అదనముగా వేయవలసివచ్చినచో ముందుగా మన అనుమతి పొందుదురా?
4. కీడు కలిగినచో మందును కరగించుటకగు ఖర్చు ఎవరిది?

పెట్టెపై గల పేరు, గరిష్ఠ ధర, గడువు తేదీ మన కనులయెదుటనే చూపింపుమని కోరవలెను.

బిల్లు వచ్చిన పిమ్మట సందేహము కలిగినచో, వివరములతో కూడిన రసీదును మర్యాదగా అడుగవలెను. చికిత్స పత్రములను కోరినచో 72 గంటలలో ఈయవలెనని పై నియమావళియే విధించుచున్నది. సమాధానము లభింపనిచో 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఫిర్యాదునకు కారణము ఏర్పడిన నాటినుండి రెండు సంవత్సరములలోపల జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన మొత్తము 5 లక్షల రూపాయలు మించనిచో ఫిర్యాదునకు రుసుము లేదు. న్యాయవాది లేకయే స్వయముగా వాదించుకొనవచ్చును.

ఒక్క హెచ్చరిక. సూది వేసిన పిదప తీవ్రమైన నొప్పి కలిగినను, చర్మము పాలిపోయినను, చూపు మందగించినను బిల్లు తగవును ప్రక్కనపెట్టి తక్షణమే వైద్యసహాయము పొందవలెను. పోయిన సొమ్మును పిమ్మట అడిగి తెచ్చుకొనవచ్చును. పోయిన చూపు తిరిగి వచ్చుట అరుదు.

వెల అడుగుట వైద్యుని అవమానించుట కాదు. అది అడుగువాని హక్కు. చెప్పుట వైద్యుని ధర్మము.