కారెంపూడి కొణతములు

మన యిండ్లలో క్రొత్త బిందె కొన్నను, కూతును కాపురమునకు పంపుచు చెంబులు గిన్నెలు సారె పెట్టినను, వానిపై పేరు చెక్కించుట చిరకాలపు వాడుక. పెండ్లిపందిటిలో పదియిండ్ల పాత్రలు కలసిపోయినప్పుడు ఏది యెవరిదో ఆ యక్షరములే చెప్పును. బిందె చొట్టలు పడి అటక యెక్కిన పిమ్మట గూడ, ఇది మా అమ్మమ్మది యని మనుమరాలు దానిని విడువకుండుటకు కారణ మా పేరే. పేరు లేనిచో నది తూకమునకు పోవు ఇత్తడి.

యుద్ధపరికరముల సంగతియు నిట్టిదే. పాశ్చాత్యదేశములలో పాత సైనికుల శిరస్త్రాణములను, అనగా ఉక్కు టోపీలను, ప్రోగుచేయువారు పెక్కురు కలరు. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1915వ సంవత్సరములో, ఫ్రెంచివారును ఆంగ్లేయులును తమ సేనలకు ఇట్టి టోపీల నిచ్చిరి. లక్షలకొలది తయారైన వస్తువులగుటచే ఒకదానికిని మఱియొకదానికిని భేదము కానరాదు. కాని లోపలి తోలుపట్టీని త్రిప్పి చూచినచో కొన్నిటియందు సిరాతో వ్రాసిన పే రుండును. రెండవ యుద్ధమున అమెరికా సైనికులు ఇంటిపేరు మొదటి యక్షరమును, తమ సంఖ్యలోని చివరి నాలుగంకెలను టోపీలో వ్రాసికొనుట వాడుక. ఆ చిన్న గుర్తు పట్టుకొని, సైనికపట్టికలు వెదకి, ధరించిన వాని ఊరును, అతడు పోరాడిన చోటును కనుగొనుటయే ఈ సేకరణలోని రుచి. కొందఱు దానిని ఆ సైనికుని బిడ్డలకే తిరిగి యిచ్చివేయుదురు. పేరున్న టోపీకి వెల హెచ్చుట చూచి, దొంగపేర్లు వ్రాసి అమ్మువారును బయలుదేరిరి. కనుక పేరు కనబడిన మాత్రమున చాలదు. దానికి సాక్ష్యము కావలెను.

ఇట్లు ఆయుధమును దాని వీరునితో ముడివేసి కాపాడు పని మన పల్నాటిలో ఎంతో కాలముగా జరుగుచున్నది. పల్నాటి యుద్ధము 12వ శతాబ్ది ఉత్తరార్ధమున, క్రీ. శ. 1182 ప్రాంతమున, నాగులేటి యొడ్డున కారెంపూడిలో జరిగినదని చెప్పుదురు. గురజాల నలగామరాజును, మాచెర్ల మలిదేవరాజును సవతితల్లుల బిడ్డలు. ఒకవైపున మంత్రిణి నాగమ్మ, ఒకవైపున బ్రహ్మనాయుడు. ఆ పోరున కూలిన వీరులు అరువదియార్గురని పల్నాటి వాడుక. కారెంపూడిలోని వీరుల గుడియందు వారు లింగరూపములుగా పూజలందుచున్నారు. వారి ఆయుధములకే కొణతములని పేరు.

ఈ కొణతము లన్నియు ఒక్కచోట అద్దాలబీరువాలో నుండునవి కావు. వీరాచారవంతులనబడు కుటుంబములవారు తమ తమ ఊళ్లలో వీనిని పూజించుకొనుచు, ఏటేట కార్తీక బహుళ అమావాస్యకు కారెంపూడికి తెత్తురు. పల్నాటి గ్రామములనుండియే గాక తెలంగాణమునుండియు వచ్చువారు కలరు. నాగులేటిలోని గంగధారి మడుగున కొణతములకు స్నానము చేయించి, గుడికి చేర్చి, మేళతాళములతో ఊరేగింతురు. బ్రహ్మనాయుని నృసింహకుంతము, కన్నమదాసుని భైరవఖడ్గము అను పేళ్లు అక్కడి పిల్లవానికి గూడ నోటికి వచ్చును. ఎత్తుకొన్నవాడు ఏదో యొక కత్తిని ఎత్తుకొనుట లేదు. ఫలానా వీరుని ఎత్తుకొనుచున్నాడు. ఇంటిలో ఏడాదిపొడవున దేవుని సామగ్రిని తోమి తుడిచి కాచు చేతు లెవ్వరివో మన పాఠకురాండ్రకు వేఱుగ చెప్పనక్కరలేదు.

ఉత్సవ మైదుదినములు. మొదటిది రాచగావు, తరువాత రాయబారము, మందపోరు, కోడిపోరు, చివరిది కళ్లిపాడు. కథ నెఱిగినవారి కిందొక వింత తోచును. కథలో కోడిపందెము ముందు. అందోడి మలిదేవాదులు ఏడేండ్లు వలసపోయిరి. ఆ వలసలోనే బ్రహ్మనాయుని ఆలమందలపై దాడి. గడువు తీరిన పిదప అలరాజు రాయబారము. ఉత్సవమున ఈ క్రమ మించుమించుగా తలక్రిందులైనది. పండుగకు చరిత్రపుస్తకముతో పనియేమి? ఏ దినమున ఎవరిని తలచుకొనవలెనో ఆ దినమున తలచుకొందురు. రాయబారమునాడు అలరాజును తలచునప్పుడు అతని భార్య పేరిందేవి తలపునకు రాక మానదు. ఆమె నలగామరాజు కూతురు. తండ్రి కొలువునకు రాయబారియై వెళ్లిన భర్త విషప్రయోగమున చనిపోగా ఆమె చితి యెక్కినది. పుట్టినింటికిని మెట్టినింటికిని నడుమ నలిగిన ఆ బిడ్డ కథ విన్నప్పుడు, ఏ కత్తియు ఎత్తని వారే ఈ యుద్ధమున ఎక్కువ పోగొట్టుకొనిరని మాకు తోచును.

కత్తి యెత్తకపోయినను కత్తి నందిచ్చిన యిల్లాలు మాత్ర మొకతె కలదు. బాలచంద్రుడు యుద్ధమునకు పోవ నుంకించినప్పుడు, అతనిని ఆపుట కుపాయముగా తల్లి ఐతాంబ కోడలు మాంచాల యొద్దకు పంపెను. అంతవఱకు భార్య మొగము చూడని మగడు! ఆమె యతని నాపదలచినచో ఆపవచ్చును. ఆమె కత్తి చేతికిచ్చి పంపినది. ధరించినవాని పేరుతోబాటు అందిచ్చినదాని పేరు గూడ నిలిచిన ఆయుధములు లోకమున అరుదు.

మందపోరునాడు చాపకూడు జరుగును. చాపలపై అన్నము రాసిపోసి కులభేదము లేక అందఱును కలసి భుజించుట బ్రహ్మనాయుడు నెలకొల్పిన ఆచారమని ప్రసిద్ధి. మాల కులమున పుట్టిన కన్నమదాసును అతడు కొడుకుగా చేకొని సేనకు నాయకుని చేసెను. రాజుల శాసనములలో ఇట్టివారి పేళ్లు వెదకినను దొరకుట కష్టము. అతని ఖడ్గమును భుజమున మోయువా రుండుటచేతనే ఆ పేరు మనవఱకు వచ్చినది.

ఇక సాక్ష్యము మాట. ఈ యినుము 1182 నాటిదేనా యని చదువుకొన్నవారు నవ్వవచ్చును. ఇనుము తుప్పుపట్టును, పిడి విఱుగును, కమ్మరి మరల అదుకును. మా దృష్టిలో ఇక్కడ ఇనుముకంటె పేరే పాతది. ఆ పేరునకు సైనికపట్టిక వీరవిద్యావంతుల పాటలో నున్నది. వారు తరతరములుగా పాడుచు వచ్చిన కథనే శ్రీనాథుడు ద్విపదగా రచించెనని ప్రతీతి. ఆ ద్విపదను అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చొత్తించిరి. 1974లో జీన్ రోఘెయిర్ అను అమెరికా పండితుడు పల్నాటి గాయకుడు ఆలిసెట్టి గాలెయ్య నోట కథనంతయు రికార్డు చేసికొని, 1982లో ఆంగ్లమున గ్రంథముగా వెలువరించెను. దొంగపేరు వ్రాయవచ్చును గాని, రాత్రులకొలది పాడి ఊరందఱిచే ఔననిపించుట సాధ్యమా?

అయితే పాట వినువారు తగ్గి, కొణతము మోయవలసిన పిల్లలు పట్టణములకు ఉద్యోగములకు పోవుచున్న కాలమిది. ఒక యింట ఆ వరుస తప్పినచో మిగులునది పాత యినుపముక్క.

ఈ సందర్భమున మన యిండ్ల మాట యొకటి. ప్రపంచయుద్ధములకు తెలుగు సిపాయిలు చాలమంది పోయిరి. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరమునకు మిలిటరీ మాధవరమనియే పేరు వచ్చినది. అట్టివారి యింట తాతగారి టోపీయో, పతకమో పెట్టె అడుగున ఉండవచ్చును. మొదటి యుద్ధపు వెండి పతకపు అంచున సైనికుని సంఖ్య, పేరు, పటాలము సన్నని అక్షరములతో అచ్చుగొట్టియుండును. దయచేసి దానిని చింతపండుతోను బూడిదతోను తోమకుడు. తళతళలాడును గాని యక్షరము లరిగిపోవును. పొడిగుడ్డతో తుడిచి, ఆ పేరును సంఖ్యను కాగితముపై వ్రాసి, తాతగారు ఏ ఊరినుండి ఏ దేశమునకు పోయిరో పెద్దల నడిగి చేర్చి, పతకముతోబాటు గుడ్డలో చుట్టి పెట్టుడు. అడుగుటకు పెద్దలుండగనే ఈ పని చేయవలెను.

కళ్లిపాడు ముగియగానే కొణతములు మరల ఎవరి ఊరికి వారితో మరలిపోవును. చూడగోరువారు నరసరావుపేట, గురజాల, మాచెర్లలలో ఎచ్చటినుండియైనను కారెంపూడికి రోడ్డుమార్గమున చేరవచ్చును. పిల్లలతో పోవువారు మందపోరునాటికి చేరినచో చాపకూటి పంక్తిలో కూర్చుండవచ్చును.