పంజరంలో తోడు: ప్రయోగ జంతువుల సామూహిక పోషణ – పరీక్షా ఫలితాల విశ్వసనీయత

పురుగుమందు డబ్బాపై ఉన్న త్రికోణపు రంగును బట్టి విష తీవ్రతను గుర్తించాలని విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు బోధిస్తారు. ప్రయోగ జంతువులలో సగం మరణించడానికి నోటి ద్వారా ఇవ్వవలసిన మోతాదు కిలో శరీర బరువుకు 1 నుంచి 50 మిల్లీగ్రాములైతే ఎరుపు, 51 నుంచి 500 వరకు పసుపు, 501 నుంచి 5000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. ఈ సంఖ్యలు ప్రధానంగా తెల్ల ఎలుకలపై జరిపిన పరీక్షల నుంచి వచ్చినవి. ఆ ఎలుకను ఒంటరిగా ఉంచారా, తోటి ఎలుకలతో ఉంచారా అన్న ప్రశ్న మాత్రం శిక్షణ తరగతులలో అరుదుగా వినిపిస్తుంది.

సికింద్రాబాద్ ప్రాంతానికి ఈ విషయం కొత్త కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలుగా విస్టార్ ఎలుకలను పోషిస్తున్నది. ఆ సంతతిలో బయటపడిన స్థూలకాయ ఎలుకలు పోషకాహార పరిశోధకులకు సుపరిచితాలు. బొల్లారం దాటి, హకీంపేట మీదుగా ఉత్తరంగా వెళితే శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి వారి జాతీయ జంతు వనరుల కేంద్రాన్ని 2015లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించినది అక్కడికే.

ఎలుక సంఘజీవి. తోటివాటితో ఒదిగి పడుకుని శరీర వేడిని కాపాడుకుంటుంది. దీర్ఘకాలం ఒంటరిగా ఉంచితే దాని ప్రవర్తన, ఒత్తిడికి స్పందించే తీరు మారుతాయి. అయితే గుంపు ఎప్పుడూ మేలే చేస్తుందనుకోవడం పొరపాటు. యాంఫెటమిన్ అనే ఔషధం విషయంలో ఒంటరి చిట్టెలుకలు తట్టుకున్న మోతాదుకే గుంపుగా ఉంచినవి మరణించాయని 1940లలోనే గమనించారు. మందు అదే, మోతాదు అదే. మారినది పంజరంలోని సంఖ్య.

ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ మార్గదర్శకాలు సైతం ఈ అంశంలో ఒకే తీరున లేవు. తీవ్ర విష పరీక్షకు సంబంధించిన 423వ మార్గదర్శకం ఒకే మోతాదు పొందిన జంతువులను కలిపి ఉంచడానికి అనుమతిస్తుంది. ఒక్కొక్క జంతువుకు వరుసగా మందు ఇచ్చే 425వ మార్గదర్శకం విడిగా ఉంచమంటుంది.

వ్యవసాయ విద్యార్థికి సులభంగా బోధపడవలసినది, తరచు తప్పిపోయేది ప్రయోగ ప్రమాణం. మందును మేతలో కలిపి పంజరానికి ఇచ్చినప్పుడు పంజరమే మడి. ఒక మోతాదుకు ఐదు పంజరాలు, ఒక్కొక్కదానిలో నాలుగు ఎలుకలు ఉంటే పునరావృతాలు ఐదే గాని ఇరవై కావు. ఒక మడిలోని ఇరవై మొక్కలను కొలిచి ఇరవై పునరావృతాలని రాస్తే ఏ పరీక్షకుడూ అంగీకరించడు. ఎలుకల దగ్గర అదే తప్పు సాగిపోతున్నది. ప్రతి ఎలుకకూ విడిగా నోటిలో మందు పోసి, వేర్వేరు మోతాదుల వాటిని ఒకే పంజరంలో ఉంచితే పంజరాన్ని బ్లాకుగా పరిగణించవచ్చు. కాని ఎలుకలు పెంటికలను తింటాయి, ఒకదానినొకటి నాకుతాయి. మందు ఒకదాని నుంచి మరొకదానికి చేరవచ్చు. అందుచేత విష పరీక్షలలో ఒక పంజరానికి ఒకే మోతాదు ఉండడం క్షేమం.

ఒక్కొక్క ఎలుక తిన్న మేతను, విసర్జించిన నత్రజనిని కొలవాలంటే జీవక్రియా పంజరం తప్పదు. అక్కడ ఒంటరితనం అనివార్యమే అయినా కొలత జరిగే కొద్ది రోజులకు దానిని పరిమితం చేయవచ్చు. పక్క పంజరంలోని ఎలుక కనిపించేలా, వాసన తగిలేలా అమర్చవచ్చు. వేర్వేరు ఈతల మగ చిట్టెలుకలను, ఎదిగిన మగ కుందేళ్ళను, సిరియన్ హామ్‌స్టర్లను కలిపితే మాత్రం పోట్లాటలు, గాయాలు తప్పవు. వాటికి తోడు కంటే గూడు అల్లుకునే కాగితం, కొరికే కర్రముక్క, దాగే గొట్టం మేలు.

1960 నాటి జంతు హింసా నివారణ చట్టం, 1998 నియమావళి ప్రకారం ప్రయోగానికి ముందు సంస్థాగత జంతు నైతిక కమిటీ అనుమతి పొందాలి. ఆ దరఖాస్తులో జంతువుల మొత్తం సంఖ్యతో పాటు పంజరానికి ఎన్ని, ఏ ఈత నుంచి, ఎన్ని రోజులు విడిగా ఉంచుతారో, ఎందుకో రాయడం సముచితం. సిద్ధాంత గ్రంథంలోని సామగ్రి, పద్ధతుల అధ్యాయంలోనూ అదే వివరం ఉంటే, ఆ ఫలితాన్ని మరొక ప్రయోగశాలలో సరిచూడడం వీలవుతుంది.